తెరిచి ఉన్న రాజద్వారం

"అవ్వా, ఆఖరిసారి అడుగుతున్నాను. సోమవారం నాడు ఆ మేకు మీద నుంచి తాళంచెవి ఎవరు తీశారు?"

 టెక్లా అవ్వ పండుగ రొట్టె ఇంకో ముక్క కోసి, పోలీసు కెప్టెన్ యుదితా కచ్మారోవా పళ్ళెంలోకి తోసింది.

"తిను బిడ్డా. పొద్దున్నుంచీ అడిగిందే అడుగుతున్నావు. గొంతు ఎండిపోదూ?"

యుదితాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో దొంగల్నీ హంతకుల్నీ కూర్చోబెట్టి మాట్లాడించింది గానీ, తిండి పెట్టి నోరు మూయించే ముద్దాయిని మాత్రం ఎప్పుడూ చూడలేదు.

తాళంచెవి వాళ్ళిద్దరి మధ్యా బల్ల మీదే ఉంది. మోచేతి పొడవు, నల్లటి ఇనుము. క్రివా పొల్యానా ఊళ్ళోని కొయ్య చర్చికి అదొక్కటే తాళంచెవి. చర్చికి ఆనుకుని ఉన్న ఇంటి వాళ్ళే దాన్ని దాచాలి. టెక్లా ముత్తవ్వ నాటి నుంచీ ఆ మేకు మీదే ఉంది. అటు పోలండ్ నుంచో, ఇటు పట్నాల నుంచో కొయ్య చర్చిలు చూస్తూ తిరిగేవాళ్ళు వచ్చి తలుపు తడితే, పిండి చేతులు దులుపుకుని అయినా సరే వెళ్ళి తాళం తియ్యాల్సిందే. లేదు, కాదు అనే మాట ఆ ఇంట్లో పుట్టలేదు.

మంగళవారం తెల్లారి ఫాదర్ యూలియాన్ పూజకు వెళ్ళేసరికి బలిపీఠం ఉండే లోగదిలో మిఖాయేలు దూత పటం లేదు. తాళం మాత్రం వేసింది వేసినట్టే ఉంది. అందుకే జిల్లా అధికారి లెక్కలో దొంగ ఎవరో ఎప్పుడో తేలిపోయింది. ఈ మధ్యాహ్నం గంట కొట్టేలోగా ఇంకెవరినీ చూపించలేకపోతే, ఎనభై ఏళ్ళ టెక్లాను బండెక్కించాలని ఆయన ఆజ్ఞ.

"సోమవారం మీ ఇంటికి ఎవరెవరు వచ్చారు?"

"ఎవరు రాలేదని అడుగు. నీళ్ళ సోమవారం కదా!"

ఈస్టర్ మర్నాడు ఆ కొండల్లో మగాళ్ళంతా బకెట్లు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళను నిలువునా తడిపేస్తారు. ఆ రోజు తడవని ఆడది ఏడాదంతా ఎండిపోతుందట. యుదితాను కూడా స్టేషన్లోనే తడిపారు. వంటింటి చెక్క నేల ఇంకా చెమ్మగానే ఉంది.

"ఎంతమంది ఉంటారు?"

"లెక్కపెట్టడానికి నేనేమైనా కోళ్ళను గూట్లోకి తోలుతున్నానా? బిలబిలమంటూ వచ్చారు, గుమ్మరించారు, తాగారు, పోయారు. కళ్ళ నిండా నీళ్ళు. ఊరి కుర్రాళ్ళంతా బకెట్లతోటే కొట్టారు. ఒక్కడు మాత్రం దోసిట్లో..."

అవ్వ టక్కున ఆగిపోయింది.

"దోసిట్లో?"

"ఏం లేదు. రొట్టె తిను."

యుదితా తినలేదు. ఇంతసేపూ ఆ ముసలి కళ్ళలో భయం లేదు. ఇప్పుడొచ్చింది. అయితే అది తన గురించి కాదు. ఎవరినో రెక్క కింద దాచుకున్న భయం.

వీధి తలుపు తోసుకుంటూ లోపలికొచ్చిన మనిషి చాలా పొడగరి. నెరిసిన జుట్టు, ఖరీదైన కోటు. విక్టర్ ద్రాహోష్‌ను టీవీలో చూడని వాళ్ళు ఆ దేశంలో ఉండరు. పోయిన పటాలనూ విగ్రహాలనూ పోలీసులకన్నా ముందు వెతికి పట్టుకోవడం ఆయన పని. ఫాదర్ యూలియాన్ కాళ్ళావేళ్ళా పడి పిలిపిస్తే ఉదయమే వచ్చాడు.

"క్రీస్తు లేచాడు!" అంది టెక్లా. ఈస్టర్ వారమంతా ఆ ఊళ్ళో పలకరింపు అదే. నిజంగా లేచాడు అని అవతలి వాళ్ళు బదులివ్వాలి.

"నమస్కారమండీ," అన్నాడు ద్రాహోష్, ఆమె వైపు చూడకుండానే. "కెప్టెన్ గారూ, విచారణ అయిందా? లేక ఇంకా ఫలహారాల దగ్గరే ఉన్నారా?"

"మీకూ పెట్టమంటారా?"

"వద్దు. నేను పని మీద వచ్చాను." కుర్చీ లాక్కున్నాడు గానీ కూర్చోలేదు. "తాళం పగల్లేదు. తాళంచెవి ఒక్కటే. అది ఉండేది ఈమె దగ్గర. ఇందులో ఆలోచించడానికేముంది చెప్పండి? ఎవరో కొనేవాడు వచ్చి ఉంటాడు, ఈమె తలుపు తీసి ఉంటుంది. సరిహద్దుకు అటూ ఇటూ నేను తిరగని కోట లేదు, మెట్లెక్కని గంటగోపురం లేదు. ప్రతిచోటా ఇదే కథ. దొంగ ఎప్పుడూ బయట నుంచి రాడు, తాళంచెవి పక్కనే పుడతాడు."

"ఈ ఊరికి ఇంతకు ముందు వచ్చారా?"

"ఈ మూలకా? పొద్దున మ్యాప్ చూసుకుంటూ వచ్చాను. రెండుసార్లు దారి తప్పాను కూడా."

టెక్లా చేతిలోని కత్తి రొట్టె మీద ఆగింది. మళ్ళీ కదిలింది.

"పటం విలువ మీకు తెలుసనుకోను," అంటూ ద్రాహోష్ కిటికీ వైపు తిరిగాడు. ఆ క్షణంలో ఆయన గొంతు మారిపోయింది, టీవీ గొంతు కాదది. "జలాశయం కట్టినప్పుడు మునిగిపోయిన ఒల్షినా ఊరి పటమది. ఎర్రటి రెక్కలు. కుడిచేతిలో కత్తి, ఎడమచేతిలో త్రాసు. పిల్లలు ముద్దులు పెట్టీ పెట్టీ ఎడమ పాదం చెక్క తేలేదాకా అరిగిపోయింది. అలాంటిది ఈ కొండల్లో ఇంకొకటి లేదు."

 యుదితా జేబులో ఆ పటం ఫొటో ఉంది. ఊరి మొత్తానికీ ఉన్న ఫొటో అదొక్కటే. అందులో దూత నడుము వరకే కనిపిస్తాడు. కింది సగానికి బలిపీఠం వెనక ఉన్న చెక్కపెట్టె అడ్డమొచ్చింది.

"చర్చిలోకి వెళ్దాం పదండి," అని తాళంచెవి అందుకుంది. "అవ్వా, మీరూ రండి."

*

చర్చి గుమ్మం దాటగానే యుదితా అడుగు ఆగిపోయింది. నిన్న వచ్చినప్పుడూ ఇలాగే ఆగిపోయింది.

బయట నుంచి చూస్తే అది పాచిపట్టిన పెంకుల పాత కొట్టంలాగే ఉంటుంది. లోపల మాత్రం నిలువెత్తు బంగారం. మూడు వందల ఏళ్ళ కిందట గొడ్డలి తప్ప ఇంకేమీ ఎరగని చేతులు దుంగ మీద దుంగ పేర్చి ఆ గోడలు లేపాయి. ఆ గోడల మధ్య, నేల నుంచి కప్పు దాకా వరసలు వరసలుగా పటాల గోడ. అపొస్తలులూ ప్రవక్తలూ పునీతులూ, అందరూ ఆ చిన్న కిటికీ వెలుగులోంచి తననే చూస్తున్నారు. మైనం వాసన, తడి దేవదారు వాసన. యుదితా దేవుణ్ణి నమ్మే మనిషి కాదు. అయినా ఆ చోట ఆమెకు గొంతు తగ్గించి మాట్లాడాలనిపించింది. ఇంత అందాన్ని కట్టినవాళ్ళు ఒక్కరూ పేరు రాసుకోలేదని తలుచుకుంటే ఒళ్ళు జలదరించింది.

పటాల గోడకు సరిగ్గా మధ్యలో రాజద్వారం, రెండు రెక్కల బంగారు తలుపులు. వాటి వెనక లోగదిలో బలిపీఠం. కుడివైపున పక్క వాకిలి, పొట్టిది, ఇరుకుది. ఏడాదంతా మూసి ఉండే ఆ తలుపులు ఈస్టర్ వారంలో మాత్రం రాత్రీ పగలూ బార్లా తెరిచే ఉంటాయి. సమాధి తెరుచుకుంది కదా, స్వర్గానికీ భూమికీ మధ్య ఈ వారం తలుపే లేదంటారు ఊళ్ళో వాళ్ళు.

ఫాదర్ యూలియాన్ ఎదురొచ్చాడు. బక్కపలచని మనిషి, రెండు రోజులుగా నిద్ర లేదు.

"లోగదిలోకి వెళ్ళాలి ఫాదర్. ఆడవాళ్ళు వెళ్ళకూడదని తెలుసు."

"డ్యూటీ కదా, వెళ్ళండమ్మా. కానీ పక్క వాకిలి గుండా వెళ్ళండి. రాజద్వారం గుండా పూజారి తప్ప ఎవరూ వెళ్ళరు. తలుపులు తెరిచి ఉన్నా సరే."

"సొంత ఇంట్లో దొంగ పడినా నియమాలు నియమాలే!" అన్నాడు ద్రాహోష్ వెనక నుంచి. "ఆ నియమాలేవో తాళం మీద చూపించి ఉంటే బాగుండేది."

యుదితా పక్క వాకిలి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని టార్చి వేసింది. కుడి గుమ్మం చెక్క మీద, నడుమెత్తున, కొత్త గీత. గీతలో ఇరుక్కున్న సన్నటి బంగారు పొర, దాని పక్కనే ఎర్ర రంగు నలుసు. వేలితో కొలిచి, లేచింది. లేస్తూనే పై దూలానికి నుదురు టంగుమని తగిలింది.

"అయ్యయ్యో!" అన్నాడు ఫాదర్. "చెప్పడం మరిచిపోయాను. కొత్తగా వెళ్ళేవాళ్ళు ఒక్కరు కూడా తప్పించుకోలేదు. నేను వచ్చిన కొత్తలో వారం రోజులు బొప్పితోనే పూజ చేశాను."

నుదురు రుద్దుకుంటూ యుదితా లోపలికి వెళ్ళింది. బలిపీఠం వెనక తూర్పు గోడ మీద, పటం ఉన్న మేర చెక్క తెల్లగా మెరుస్తోంది. మనిషి భుజాలకన్నా వెడల్పు. దాని కింది సగాన్ని గోడకు ఆనించిన చెక్కపెట్టె కప్పేసింది.

"ఫాదర్, దూత పాదాలు ఎలా ఉంటాయి?" అంది, మాటవరసకు అడిగినట్టు.

"నడుము కిందంతా ఆ చెక్కపెట్టె వెనకే కదా అమ్మా. పాతికేళ్ళుగా పూజ చేస్తున్నాను, నేనూ చూడలేదు."

ఆ మాట యుదితా మనసులో పెట్టుకుంది. ఇవతలికి వచ్చింది, ఈసారి తల వంచి.

"గీత చూశారుగా?" అన్నాడు ద్రాహోష్. "ముసలి ప్రాణం, ఎత్తలేక ఈడ్చింది. గుమ్మానికి రాసుకుంది. మీ కేసు అయిపోయింది కెప్టెన్ గారూ."

"గీత నడుమెత్తున ఉంది. ఈడిస్తే కిందుండాలి. పటాన్ని ఎత్తి, పక్కకు వంచి దూర్చిన మనిషి పొడగరి, బలమున్నవాడు. పైగా టెక్లా అవ్వ ఈ చర్చిని అరవై ఏళ్ళుగా ఊడుస్తోంది, ఒక్కసారి కూడా ఆ గడప దాటలేదు. అవునా అవ్వా?"

తలుపు దగ్గర కానిస్టేబుల్ పక్కన నిలబడ్డ టెక్లా, గడప వైపు కూడా చూడలేదు. "చీపురు కూడా దాటలేదు," అంది.

"ఆచారాలు సాక్ష్యం చెప్పవు!"

"చెప్తాయి. అదే చూపిస్తాను." యుదితా రాజద్వారం ముందుకు వచ్చి నిలబడింది. "సోమవారం మధ్యాహ్నం. ఊరంతా నీళ్ళూ సారా గోలలో ఉంది. దొంగ ఒంటరిగా ఉన్నాడు, చేతుల్లో పెద్ద పటం. ఎదురుగా ఇంత వెడల్పున తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. సూటిగా నడిస్తే బయటపడతాడు. అలాంటిది, పటాన్ని వంచి, బంగారం గీరుకుపోయేలా ఆ కన్నంలోంచి ఎందుకు దూరాడు?"

ద్రాహోష్ భుజాలెగరేశాడు. "వీధిలోంచి ఎవరైనా చూస్తారని."

"వీధి తలుపు మూసే ఉంది. ఎవరూ చూడరు. దేవుడు తప్ప." ఆమె గొంతు తగ్గించింది. "దొంగతనానికి వెనకాడని మనిషి రాజద్వారం దాటడానికి వెనకాడాడు. ద్రాహోష్ గారూ, కొనేవాడూ కాదు, సరిహద్దు అవతలి ముఠా కూడా కాదు. ఈ పటాల గోడ ముందు పెరిగినవాడే."

"బాగుంది. టీవీలో చెబితే చప్పట్లు కొడతారు. జిల్లా అధికారి మాత్రం కొట్టడు." ఆయన వాచీ చూసుకున్నాడు. "బండి వచ్చే వేళయింది. నేను సాయంత్రం లోపు కనుమ దాటి పోలండ్ వైపు వెతకాలి. చెక్‌పోస్టుకు చెప్పారుగా, నా కారు ఆపొద్దని?"

"చెప్పాను. ఉదయమే ఫోన్ చేశాను." ఆ మాట నోట్లోంచి వస్తుండగానే యుదితాకు ఒక విషయం తట్టింది. నిన్నటి నుంచీ కనుమ మీద ప్రతి కారునూ విప్పి చూస్తున్నారు. చూడని కారు ఒక్కటే.

ఆమె ఇంకేమీ మాట్లాడకుండా పక్క వాకిలి గుండా మళ్ళీ లోగదిలోకి వెళ్ళింది. ద్రాహోష్ రాజద్వారానికి సరిగ్గా ఎదురుగా ఉన్నాడు. నాలుగడుగులు వేస్తే ఆమె పక్కన ఉంటాడు. ఆమె టార్చి వెలిగించి, ఉన్నట్టుండి గట్టిగా అరిచింది.

"ద్రాహోష్ గారూ! రక్తం! ఇక్కడ రక్తం మరక! త్వరగా రండి!"

ఆయన పరుగెత్తాడు. ఎదురుగా బార్లా తెరిచి ఉన్న బంగారు తలుపుల ముందు నుంచి పక్కకు తిరిగి, అపొస్తలుల కింద నుంచి నాలుగు అంగల్లో కుడి మూలకు పోయి, పక్క వాకిలి దగ్గర అడుగు తగ్గించకుండానే, పైకి చూడకుండానే మెడ వంచి, దూలం కింద నుంచి చేపలా జారి లోపలికొచ్చాడు.

"ఏది రక్తం?"

"లేదు," అంది యుదితా.

 ఫాదర్ యూలియాన్ నోరు తెరుచుకుని ఉండిపోయాడు.

"పొద్దున మొదటిసారి వచ్చారు. దేవుడితో పని లేని మనిషి. నాకన్నా మూరెడు పొడుగు. నా నుదుటి మీద బొప్పి చూడండి. మీ నుదురు చూపించండి."

ద్రాహోష్ నవ్వబోయాడు. "మర్యాద కోసం అటు నుంచి వచ్చాను. ఫాదర్ గారు చెప్పారుగా..."

"వాకిలి గురించి చెప్పారు. పరుగులో, పైకి చూడకుండా ఎంత వంగాలో మీ మెడకు ఎవరు నేర్పారు? దూత అరిగిన పాదం గురించి ఎవరు చెప్పారు? ఫాదరే చూడలేదే! ఆ పటం ఒల్షినాలో ఉన్నప్పుడు ముద్దు పెట్టుకున్న పిల్లలకు తప్ప ఎవరికీ తెలియదే!"

"ఇదంతా ఊహ. ఏ జడ్జీ..."

"వాసిల్కో."

గుమ్మం దగ్గర నుంచి వచ్చిందా మాట. టెక్లా అవ్వ కానిస్టేబుల్ చెయ్యి విడిపించుకుని, నేల మీద తడబడే అడుగులతో పటాల గోడ దాకా వచ్చింది. రాజద్వారానికి ఇవతలే ఆగింది. ఇటు ఆమె, అటు అతను. మధ్యలో తెరిచిన తలుపులు.

"చాల్లేరా, ఇక చాలు. అమ్మాయిని అవస్థ పెట్టకు."

అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు. "నువ్వు... మీరు నన్ను..."

"అందరూ బకెట్లతో కొట్టారు. నువ్వు దోసిట్లో నీళ్ళు పట్టి నా రెండు చేతుల మీదా పోశావు. అలా పోసేది ఒల్షినా వాళ్ళే. ఆ ఊరు మునిగి నలభై ఏళ్ళయింది. అప్పటి నుంచీ నా చేతుల మీద అలా ఎవరూ పొయ్యలేదు." ఆమె తన రెండు అరచేతులూ చూసుకుంది. "పండుగలకు కొండ దాటి వచ్చి ఈ బలిపీఠం దగ్గర ధూపం పట్టుకునేవాడివి. ఆ దూలానికి ఎన్నిసార్లు తల కొట్టుకున్నావో, ఎన్నిసార్లు నేను వెన్న రాశానో!"

"అవ్వా, మొదటి రోజే చెప్పొచ్చు కదా!" యుదితా ఉండబట్టలేకపోయింది. "వీడే కదా మిమ్మల్ని జైల్లో పెట్టమని పట్టుపట్టింది!"

"ఎలా చెప్తాను బిడ్డా? వీడికి నేను జ్ఞానతల్లిని. వాసిల్కో అని పేరు పెట్టిన జ్ఞానస్నానం నాడు వీడికి మాటలు రావు కదా! సైతానును వదిలేస్తావా అని పూజారి అడిగితే, వదిలేస్తానని వీడి బదులు నేను చెప్పాను. జవాబుదారీ నాది. వీడు తప్పితే తప్పింది నా మాటే. అందుకే పోదామనుకున్నాను మీ బండిలో."

 ఆ ముసలామె ముందు యుదితాకు తన చట్టమంతా చిన్నపిల్లల ఆటలా అనిపించింది ఆ నిమిషంలో. ఇలాంటి మనిషిని తాను రెండు రోజులుగా దొంగలా కూర్చోబెట్టింది.

ద్రాహోష్ బలిపీఠం పక్కన నేల మీద కూలబడ్డాడు. టీవీలో చూసిన మనిషి ఎక్కడా లేడు.

"మిమ్మల్ని రెండు రోజుల్లో వదిలేస్తారనుకున్నాను. ఆధారం ఉండదు కదా అని... టోపీ కళ్ళ దాకా లాక్కుని గుంపులో వచ్చాను, తాళంచెవి తీసి ఆ గోలలోనే మళ్ళీ తగిలించాను, మీరు గుర్తు పట్టలేదనుకున్నాను. ఎవరెవరి దేవుళ్ళనో వెతికి ఇచ్చాను, జ్ఞానమ్మా. మా ఇల్లు నీళ్ళ కింద ఉంది. అమ్మ సమాధి నీళ్ళ కింద ఉంది. మిగిలింది ఆయనొక్కడే. ఆయన్నేమో ఈ చీకట్లో పెట్టె వెనక పెట్టారు. ఏ పిల్లాడికీ ఆ పాదం అందదు. నాకది భరించడం చాతకాలేదు. అమ్మడానికి కాదు. ఒట్టు."

"నీ ఇంట్లో గోడకు తగిలించుకుంటే ఏ పిల్లాడికి అందుతుందిరా?" అంది టెక్లా మెల్లగా.

అతను ఖాళీ గోడ వైపు చూశాడు.

"ఎక్కడుంది?" అంది యుదితా. అప్పటికే ఆమెకు తెలుసు. అయినా అతని నోటితో వినాలి.

"కారులో. డిక్కీలో, దుప్పట్లో చుట్టి. మీ సాయానికి వచ్చినవాడి కారు కనుమ మీద ఎవరూ విప్పరనుకున్నాను. పొద్దున్నుంచీ మీ కానిస్టేబులే కాపలా ఉన్నాడు."

కానిస్టేబుల్ తెల్లమొహం వేశాడు. కొండ కింద నుంచి జిల్లా బండి హారన్ వినిపించింది. పైన గంటగోపురంలో మధ్యాహ్నం గంట మొదలైంది.

యుదితా చేతిలోని మోచేతి పొడవు తాళంచెవిని టెక్లా చేతిలో పెట్టింది. ఆ ముడతల వేళ్ళు దాని చుట్టూ మూసుకోవడం చూసేవరకు తన చెయ్యి తీసుకోలేదు. తర్వాత ద్రాహోష్ వైపు తిరిగింది.

"లేవండి. బండి ఎక్కేది మీరు. కానీ ముందు కారు దగ్గరికి పదండి. పటం మీ చేతులతోనే తెచ్చి పెట్టాలి."

అతను లేచాడు. పక్క వాకిలి గుండా, మెడ వంచి, ఇవతలికి వచ్చాడు. జ్ఞానతల్లి ముందు నిలబడ్డాడు, తలెత్తలేక.

"క్రీస్తు లేచాడు," అంది టెక్లా.

 "నిజంగా లేచాడు," అన్నాడు, చిన్నపిల్లాడి గొంతుతో.

"ఊఁ. వెళ్ళు మరి," అంది ఆమె, తలగుడ్డ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. "ఈసారి అంచు గుమ్మానికి తగలకుండా పట్టుకురా."